మూడు కేకల పాట

మనిషిని చూడకముందే నేను ఆ గొంతు విన్నాను.

చిక్కడపల్లిలో నేను కిరాయికి ఉంటున్న రెండో అంతస్తుకు, పక్కనున్న ఆడపిల్లల హాస్టల్‌కు మధ్య సందు చాలా ఇరుకు. వాళ్ల వంటగదిలో పోపు పెడితే నా ఇంట్లో నాకు తుమ్ములొస్తాయి. నా వంటింటి కిటికీకి ఎదురుగా, కాస్త కిందికి, వాళ్ల వంటగది కిటికీ. దానికి ఇనుప జాలీ కొట్టి ఉండటం వల్ల లోపల ఎవరున్నారో కనపడేది కాదు. పొద్దున ఆరింటికి నేను పాలు కాచుకుంటుంటే ఆ జాలీలోంచి బియ్యం చెరిగే చప్పుడు వచ్చేది, ఆ చప్పుడు మీదుగా ఒక పాట.

ముసలి గొంతు. కాస్త బొంగురు. ఎవరికో వినిపించాలని పాడుతున్నట్టు ఉండేది కాదు. చేట కదిలితే కదిలేది, చేట ఆగితే ఆగేది. మొదట్లో నాకు ‘ఉయ్యాలో’ తప్ప ఇంకో మాట తెలిసేది కాదు. బతుకమ్మ పాటేదో కూనిరాగం తీస్తోందిలే అనుకున్నాను. రెండు నెలలు పోయాక గానీ, రోజూ వస్తున్నది ఒకటే పాటని, అందులో ఒక కథ నడుస్తున్నదని అర్థం కాలేదు.

ఒక పిల్ల నీళ్లకు పోతుంది. అంతే కథ. కానీ ఒకచోట ఆ గొంతు నెమ్మదించేది. అక్కడికి వచ్చేసరికి నా చేతిలో పని కూడా ఆగిపోయేది. రెండుసార్లు పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

కడవ చంకనవెట్టి ఉయ్యాలో
కదిలె బావి దిక్కు ఉయ్యాలో
మెట్టు మెట్టున నాచు ఉయ్యాలో
మెల్లగ దిగె పిల్ల ఉయ్యాలో

ఒక్క కేక వేసె ఉయ్యాలో
ఒర్రె దాటలేదు ఉయ్యాలో
రెండు కేకలేసె ఉయ్యాలో
రెప్ప కదలలేదు ఉయ్యాలో
మూడు కేకలేసె ఉయ్యాలో
మూగవోయె బావి ఉయ్యాలో
ఆలకించెటోళ్లు ఉయ్యాలో
అక్కడెవరు లేరు ఉయ్యాలో

చివరి మాట దగ్గర చేట కూడా ఆగిపోయేది. కాసేపటికి నల్లా తిప్పిన చప్పుడు వినిపించేది.

నేను తెలుగు చెప్పి బతికేదాన్ని. నారాయణగూడలో ఒక ప్రైవేటు కాలేజీలో చాలా ఏళ్లు చెప్పాను. అక్కడ తెలుగు తీసుకునే పిల్లలు తగ్గిపోయి, నాకు క్లాసులు లేకుండా పోయాక, అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాను. తెలుగు లెక్చరర్ పరీక్షలకు చదివే పిల్లలు నా దగ్గర కూర్చుంటారు. అందరూ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియకపోయినా రోజూ చదువుతూనే ఉంటారు.

ఆ ఏడాది సిలబస్‌లో ‘కథాత్మక కవిత్వం: పరిచయం’ అనే పాఠం కొత్తగా చేరింది. నిర్వచనాలు, లక్షణాలు, భేదాలు అంటూ గైడు పుస్తకాల్లో ఉన్నవి చదువుతుంటే నాకే నిద్ర ముంచుకొచ్చింది. పిల్లలకు ఒక మంచి ఉదాహరణ చూపించాలనిపించింది. ఉదాహరణ కోసం లైబ్రరీలో వెతికాను, ఇంట్లో అట్టపెట్టెలు దించాను. వెతుకుతున్నది నా కిటికీ అవతలే ఉందని ఒక పొద్దున తట్టింది.

వరసగా నాలుగు రోజులు కాగితం, పెన్ను పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఆ పాట రాసుకున్నాను. పాడుతున్న మనిషిని అడగలేదు. కిందికి దిగి, గేటు దాటి, ‘ఈ పాట మా పిల్లలకు చెప్పుకోవచ్చా’ అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. జానపద గీతం కదా, ఎవరి సొత్తూ కాదు కదా అనుకున్నాను. ఆ రోజుల్లో నాకు అది సబబుగానే తోచింది.

ఆమెను నేను అంతకుముందే చూశానని తర్వాత తెలిసింది. హాస్టల్ గేటు దగ్గర కూరగాయల బండివాడితో బేరమాడుతూ కనిపించే పొట్టి మనిషే. డెబ్బై దాటి ఉంటాయి. చేతులకు ఆకుపచ్చ గాజులు, ముడి చుట్టిన తెల్లటి జుట్టు. హాస్టల్ పిల్లలు ఆమెను అవ్వ అని పిలిచేవారు. ఆమెలో నేను గమనించింది ఒకటే. పిల్లలు మూడో అంతస్తు మీది నుంచి ‘అవ్వా’ అని పిలవడం ఆలస్యం, ‘ఆఁ, వస్తున్న’ అని బదులిచ్చేది. చేతిలో ఏమున్నా వదిలేసి కదిలేది. ఒకసారి బండి మీద తూకానికి వేసిన టమాటాలు అలాగే విడిచి మెట్లెక్కి పోయింది. పైనుంచి పిలిచిన పిల్లకు కావాల్సింది ఒక చెంచా చక్కెర.

పాఠం చెప్పిన రోజు హాలు నిండా పిల్లలున్నారు. నేను అచ్చు వేయించిన పాట అందరి చేతుల్లో ఉంది.

“కవిత్వం అనగానే మీరు భావం, పోలిక, ఆవేశం అని రాస్తారు. కథ చెప్పే కవిత్వం దగ్గర ముందు అవి మర్చిపోండి,” అని మొదలుపెట్టాను. “ఇక్కడ ఎవరికో ఏదో జరుగుతుంది. తర్వాత ఏమైంది అని మనం అడుగుతూ వెంట పోతాం. వచనంలో కథ చెప్పేవాడు తీరిగ్గా చెట్టూ పుట్టా చూపిస్తూ నడుస్తాడు. పాటలో కథ చెప్పేవాళ్లకు అంత తీరిక ఉండదు. అవసరమైన చోట ఆగుతారు, మిగతాది దూకేస్తారు. ఈ పాట చూడండి. పిల్ల పేరు లేదు. ఊరు లేదు. అమ్మానాన్నలు లేరు. మెట్ల మీద నాచు మాత్రం ఉంది. ఎందుకు?”

“జారేది నాచు మీదనే గదా మేడం,” అన్నారెవరో.

“అవును. కానీ జారింది అన్న మాట పాటలో ఎక్కడుంది? లేదు. నాచు అని చెప్పి, మెల్లగా దిగింది అని చెప్పి, తిన్నగా కేకలోకి పోయింది. పడటాన్ని మన చేతే ఊహింపజేస్తున్నది. చెప్పకుండా వదిలిన చోటే ఇలాంటి కవిత్వానికి బలం.”

క్లాసు బాగా సాగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. అంతలో స్తంభం పక్కన కూర్చునే అమ్మాయి లేచి నిలబడింది. సన్నటి పిల్ల, ఎప్పుడూ మాట్లాడేది కాదు. అశోక్‌నగర్‌లో ఏదో హాస్టల్‌లో ఉంటూ మూడేళ్లుగా చదువుతున్నదని మాత్రం తెలుసు.

“మేడం, అక్కడెవరు లేరు అన్నరు గదా పాటల. మరి మూడు కేకలేసిందని ఎవరు లెక్కవెట్టిన్రు?”

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

“లెక్కపెట్టింది కవి. కథ చెప్పేవాళ్లు ఎక్కడైనా ఉండగలరు. ఎవరూ లేని చోట కూడా.”

ఆ జవాబు అందరికీ నచ్చింది. కొందరు రాసుకున్నారు కూడా. ఆ పిల్ల మాత్రం కూర్చోలేదు.

“రాసే కవి అయితే సరే మేడం. గని ఇది ఊళ్లె పాట. ఊళ్లె పాటలు ఉత్తగ పుట్టయి. ఏదో అయితేనే కడతరు. మా దిక్కు గట్లనే. మూడని కట్టినోళ్లకు ఎవరన్న చెప్పి ఉండాలె.”

టైమైపోయిందని గంట కొట్టారు. తర్వాత మాట్లాడదాం అన్నాను.

ఇంటికి నడిచి వస్తుంటే ఆ మాట నన్ను వదల్లేదు. అశోక్‌నగర్ సందుల్లో జిరాక్సు షాపుల ముందు పిల్లలు బారులు తీరి ఉన్నారు. ఎవరో ‘అక్కా, జర జరుగు’ అన్నారు. పక్కకు జరిగి, అక్కడే కాసేపు నిలబడిపోయాను. మూడని ఎవరు చెప్పారు? పాటల్లో అన్నీ మూడు మూడే ఉంటాయని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మనసు ఒప్పుకోలేదు.

మర్నాడు పొద్దున మొదటిసారి ఆ వంటగదిలోకి వెళ్లాను. ఆమె కింద కూర్చుని బియ్యం చెరుగుతోంది. పక్కింట్లో ఉంటానని, తెలుగు చెబుతానని చెప్పాను.

“తెలుసు బిడ్డా, పంతులమ్మవు. మీ కిటికీల తులసి కుండ కనవడ్తది,” అంది.

“పెద్దమ్మా, నువ్వు పాడే పాట బాగుంటది. రోజూ వింట.”

ఆమె నవ్వింది. నోట్లో కింది పళ్లు రెండు లేవు. “పాటేంది, నోరు ఊకుండక.”

అక్కడితో ఆగితే బాగుండేది. నేను ఆగలేదు. పాఠం చెప్పిన సంగతి దాచి, ఏదో మాటవరసకన్నట్టు అడిగాను.

“పాటల అక్కడెవరు లేరు అంటవు గదా పెద్దమ్మా. మరి మూడు కేకలని ఎట్ల తెలిసింది?”

చేట గాల్లోనే ఆగింది. ఎగరేసిన బియ్యం కొన్ని చేటలో పడ్డాయి, కొన్ని నేల మీద పడ్డాయి. ఆమె నా వైపు చూడలేదు. కింద పడ్డ గింజలను ఒక్కొక్కటిగా ఏరసాగింది. అన్నీ ఏరింది. ఆ తర్వాత, “పొయ్యి మీద ఎసరుంది బిడ్డా,” అని లేచింది. పొయ్యి మీద ఏమీ లేదు.

ఆ తర్వాతి పొద్దున పాట రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

బియ్యం చెరిగే చప్పుడు మాత్రం వచ్చేది. పాట లేని ఆ చప్పుడు వినలేకపోయేదాన్ని. పాలు కాచుకుని గబగబా ముందుగదిలోకి వచ్చేసేదాన్ని. అక్కడా కుదురుండేది కాదు. బాత్రూంలో బకెట్ నిండుతుంటే ఆ నీళ్ల చప్పుడు కింద ఇంకేదో వినిపించినట్టయ్యేది. నల్లా కట్టేసి చెవులు రిక్కించి నిలబడేదాన్ని. ఏమీ ఉండేది కాదు. నారాయణగూడ ఫ్లైఓవర్ కింద రోడ్డు దాటుతుంటే వెనక నుంచి ‘అక్కా’ అని పిలుపు. ఈ ఊళ్లో ఆటోవాళ్లూ, పూలమ్మేవాళ్లూ, కండక్టర్లూ అందరూ అక్కా అనే పిలుస్తారు. అన్నేళ్లలో ఎన్నడూ పట్టించుకోలేదు. ఆ రోజుల్లో మాత్రం ఆ మాట వినపడితే చాలు, ఉలిక్కిపడి వెనక్కి తిరిగేదాన్ని. ప్రతిసారీ పిలిచినవాళ్లు వేరెవరినో పిలుస్తూ ఉండేవారు.

పదకొండో రోజు మధ్యాహ్నం ఆమె నా ఇంటికి వచ్చింది. మెట్లెక్కిన ఆయాసంతో గడప దగ్గరే కూర్చుంది. మంచినీళ్లిస్తే గ్లాసు చేతిలో పట్టుకుంది గానీ తాగలేదు.

“ఆ పాట మా అమ్మ కట్టింది,” అంది. “ఆ పిల్ల మా చెల్లె.”

నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

“నాకు పదకొండేండ్లు, దానికి ఎనిమిది. పాటల కడవ అని పెట్టింది గని అది కడవ గాదు, ఇత్తడి చెంబు. ఎనిమిదేండ్ల పిల్ల కడవ మోస్తదా? అమ్మ నాటేయ పోయింది. రెండు మళ్ల అవతల ఉండె. నీళ్లు తెమ్మన్నది నన్ను. నేను పోలే. దాన్ని పొమ్మన్న. నిన్న నేను తెచ్చిన, ఇయ్యాల నువ్వు పో అని అబద్ధం చెప్పిన. నిన్న గూడ అదే తెచ్చింది.”

గ్లాసు కింద పెట్టింది.

“బావి గడ్డ మీద సీతాఫలం చెట్టుండె. దాని కింద కూసున్న. నీ గడప కాడికెళ్లి మా వంటగది ఎంత దూరమో, గంతే. అక్కా అన్నది. చెంబు ఎత్తరాక పిలుస్తున్నది, నేను పోను అనుకున్న. మళ్ల అక్కా అన్నది. అది ఊకె గట్ల ఆటలు వట్టిస్తుండె నన్ను. పడ్డట్టు చేసి నవ్వుతుండె. ఆడుతుంది అనుకున్న. మూడోపారి అక్కా అని పూర్తిగ రాలే. ‘అ’ అని ఆగింది. అప్పుడు తెలిసింది నాకు. తెలిసినంక కాళ్లు లేవలే బిడ్డా. లేవాలనుకున్న. లేవలే.”

సందులో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. అది స్టార్ట్ కావడం లేదు.

“అమ్మ వచ్చింది. చెల్లె ఏది అన్నది. నాకు తెల్వది, నేను గిప్పుడే వచ్చిన అన్న. తర్వాత అందరు ఉరికిన్రు. అప్పటి సంది ఎవ్వలకు చెప్పలే. నా పెనిమిటికి చెప్పలే, కొడుకుకు చెప్పలే. ఇది మొదలు చెప్పుడు.”

“చిన్నపిల్లవు పెద్దమ్మా,” అన్నాను.

ఆమె ఆ మాట పట్టించుకోలేదు. నన్ను చూస్తూ, “నేను వచ్చింది గది చెప్పనీకె గాదు. నిన్ను ఒకటి అడగనీకె వచ్చిన. నువ్వు సదువుకున్నదానివి,” అంది. “మూడని నేను ఎవ్వలకు చెప్పలే గదా. మా అమ్మ ఎట్ల కట్టింది మూడని?”

గ్లాసును పక్కకు జరిపి, ఆమే మళ్లీ అందుకుంది.

“ఇన్నేండ్లు పాడిన. ఒక్కనాడు తట్టలే. నువ్వడిగినంక చేట పట్టుకుంటే అదే మాట. మూడు అని అమ్మకు ఎవరు చెప్పిన్రు? చెల్లె పోయినంక నాకు జొరమొచ్చింది. నాలుగొద్దులు సోయి లేదు. అమ్మనే పక్కన పండుకున్నది. జొరంల నేనేమన్న ఒర్లిననేమో. అమ్మ విన్నదేమో.”

“విని ఉంటే నిన్ను అడగకపోవునా?”

“గదే. అడగలే. జొరం తగ్గినంక నా మొకం కడిగి, తల దువ్వి, అన్నం కలిపి పెట్టింది. మల్లచ్చిన ఏడు బతుకమ్మ కాడ ఈ పాట ఎత్తుకున్నది. ఊరంత ఉన్నరు. అందరి ముంగట పాడింది, అక్కడెవరు లేరు అని. పాడుకుంట నా దిక్కు సూడలే.”

అంతా తెలిసే ఆ తల్లి ఎవరూ లేరని కట్టిందా? లేక పాటల్లో వచ్చే మామూలు మూడేనా అది? రెండోదే అయి ఉంటుందని చెప్పబోయాను. అది నాకు తెలిసిన విద్య. పాటల్లో మూడుసార్లు చెప్పడం మామూలేనని క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. కానీ ఆ ముఖం చూస్తూ ఆ మాట అనలేకపోయాను. నాకు తెలియదు అన్నాను. ఆమె తల ఊపింది.

అప్పుడు నేను చేసిన పని ఒప్పుకున్నాను. కిటికీ దగ్గర నిలబడి పాట రాసుకున్న సంగతి, అచ్చు వేయించిన సంగతి, అడిగింది నిజానికి నేను కాదు, నా క్లాసులో ఒక అమ్మాయి అన్న సంగతి. కోప్పడుతుందనుకున్నాను.

“కాయితం మీదికెక్కిచ్చినవా? సదువు,” అంది.

రాగం తీయడం నాకు రాదు. మామూలుగా చదివాను. ఆమె గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని విన్నది. చదవడానికి నిమిషం కూడా పట్టలేదు.

“గంతేనా?”

“అంతే పెద్దమ్మా.”

“రాగం లేకుంటే గింత చిన్నదా,” అంది. ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని, అక్షరాల మీద వేలు పెట్టి అడిగింది. “ఎవరు లేరు అన్నది ఎక్కడుంది?” చూపించాను. ఆ వరుస మీద బొటనవేలు ఆనించి చాలాసేపు ఉంచింది.

“కావాలంటే ఆ వరుస తీసేస్త,” అన్నాను.

“వద్దు. అది మా అమ్మ మాట. దాన్ని ముట్టకు.” లేస్తూ, గడప పట్టుకుని, “ఆ పిల్లను తోలుకరా ఒకపారి,” అంది.

ఆ అమ్మాయిని ఎలా పిలవాలో తెలియక రెండు రోజులు తాత్సారం చేశాను. చివరికి క్లాసయ్యాక ఆపి, ఆ పాట పాడే ఆమె నిన్ను చూడాలంటోందని మాత్రం చెప్పాను. వెంటనే వచ్చేసింది. అప్పుడు మధ్యాహ్నం మూడవుతోంది. హాస్టల్ పిల్లలంతా క్లాసులకో లైబ్రరీకో పోయారు. వంటగది కడిగి ఉంది, నేల ఇంకా ఆరలేదు. ముగ్గురం పీటల మీద కూర్చున్నాం.

ముందు అన్నం పెట్టింది. పప్పు, పచ్చిపులుసు. ఆ పిల్ల మొహమాటపడుతూనే రెండోసారి పెట్టించుకుంది. చేయి కడుక్కుని వచ్చాక ముసలావిడ ఆమె ఎదురుగా జరిగి కూర్చుంది.

“అక్కడెవరు లేకుంటే కేకలు ఎవరు లెక్కవెట్టిన్రు అని అడిగినవంట.”

అమ్మాయి భయంగా నా వైపు చూసింది. “తప్పయితే మాఫ్ చెయ్యి అవ్వా. ఊకె అడిగిన.”

“తప్పు గాదు. నేనున్న అక్కడ. నేను లెక్కవెట్టిన.”

అంతే చెప్పింది. నాకు చెప్పినదంతా ఆమెకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. ఆ పిల్ల తల దించుకుంది. తడి నేల మీద ఆమె కన్నీటి చుక్క పడటం నేను చూశాను. ముసలావిడ కంట్లో నీళ్లు లేవు.

“ఇప్పుడు నాతోని పాడు. నేర్చుకో,” అంది.

వరుస వెంట వరుస చెప్పి పాడించింది. ఆ అమ్మాయి గొంతు సన్నగా, నిటారుగా ఉంది. కడవ దగ్గర ఒకసారి తప్పింది, సరిదిద్దింది. నాచు దాటింది. మొదటి కేక, రెండో కేక. మూడో కేక దగ్గర ముసలావిడ పాడటం ఆపేసింది. అమ్మాయి కూడా ఆగబోతే, ‘పాడు’ అన్నట్టు చెయ్యి ఊపింది. అమ్మాయి ఒక్కతే పాడింది.

ఆలకించెటోళ్లు ఉయ్యాలో
అక్కడెవరు లేరు ఉయ్యాలో

ముసలావిడ ఆ పిల్ల నోటి వైపే చూస్తోంది. పన్నెండేళ్ల పిల్లగా అందరి మధ్య నిలబడి విన్న తర్వాత, ఈ మాటలు ఇంకొకరు తన ఎదుట పాడటం అదే మొదలేమో. ఆమె పెదవులు పాట వెంటే కదిలాయి.

“ఇంకోపారి,” అంది.

అమ్మాయి మళ్లీ పాడింది. ఇంకోపారి అంటూ అయిదుసార్లు పాడించింది. చివరిసారి పాట ముగిసేలోపే ఆమె కళ్లు మూతపడ్డాయి, గోడకు తల ఆన్చి కూర్చున్నచోటే నిద్రపోయింది. మేమిద్దరం చప్పుడు చేయకుండా గిన్నెలు సర్ది బయటికి వచ్చాం.

అమ్మాయిని అశోక్‌నగర్ మలుపు దాకా దిగబెట్టాను. విడిపోయేముందు ఆమె, “మేడం, నేను గా మాట అడగకుండ ఉండాల్సింది గదా,” అంది. లేదు అని వెంటనే అనలేకపోయాను. ఆ ఆలస్యం ఆమె గమనించింది. ఆ తర్వాత ఏడాదికి ఉద్యోగం వచ్చి ఏదో ఊరి గురుకులంలో చేరింది. నాకు ఫోన్ చేస్తుంటుంది. పాట గురించి తనూ ఎత్తదు, నేనూ ఎత్తను.

పాట మళ్లీ మొదలవుతుందని ఎదురుచూశాను. మొదలు కాలేదు. పొద్దున్నే ముసలావిడ వేరే ఏవేవో పాడేది. కోతల పాటలు, వరసలాడుకునే పాటలు. వాటిలో నవ్వు కూడా ఉండేది. నన్ను చూస్తే జాలీ దగ్గరికొచ్చి ‘టీ తాగినవా బిడ్డా’ అని పలకరించేది. తేలికపడిందని సంతోషించాను. ఆ పాట మాత్రం ఆమెను వదిలి నా దగ్గరికి వచ్చి చేరింది. ఇప్పటికీ నీళ్లు నిండే చప్పుడు దగ్గర నేను ఒంటరిగా నిలబడలేను. ఆ పాఠం కూడా చెబుతూనే ఉన్నాను, వేరే ఉదాహరణతో. చెప్పకుండా వదిలిన చోట బలం ఉంటుందని ఇప్పుడు అనను. అక్కడ ఎవరో ఒకరు కూర్చుని ఉండవచ్చు, చూసుకుని అడుగు వేయండి అంటాను. పిల్లలు అది కూడా రాసుకుంటారు.

కొన్నాళ్లకు మోకాళ్లు పట్టేసి, మెట్లు ఎక్కలేక ముసలావిడ హాస్టల్ పని మానేసింది. అంబర్‌పేట్‌లో కొడుకు దగ్గర ఉండేది. నేను రెండుసార్లు వెళ్లి చూసి వచ్చాను. మూడోసారి వెళ్లేసరికి పోయి పన్నెండు రోజులైందని చెప్పారు. కొడుకు నెమ్మదస్తుడు, ఎలక్ట్రికల్ షాపులో పని చేస్తాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. గోడకున్న ఫోటోలో ఆమె నవ్వుతోంది.

“మా అమ్మ హాస్టల్ల పాటలు పాడుతుండెనట గదా మేడం. అక్కడి పిల్లలు వచ్చినప్పుడు చెప్పిన్రు,” అన్నాడు.

“అవును. రోజూ పాడేది.”

“మా ఇంట్ల ఒక్కనాడు పాడలే. నా చిన్నప్పుడు జోలపాట గూడ పాడలే. గొంతు లేదు బిడ్డా అంటుండె.” ఫోటో వైపు చూశాడు. “ఏం పాటలు మేడం అవి? ఒకటేదో కథ పాట, పొద్దున పొద్దున అదే పాడేదట. మీకు వచ్చా?”

లోపలి గదిలో ఎవరో బిందెలో నీళ్లు పడుతున్నారు. ఆ బిందె నిండి చప్పుడు ఆగేదాకా నేను నోరు తెరవలేదు.

“కోతలప్పటి పాటలు,” అన్నాను. “కథ పాటంటే నాకు సరిగ్గ గుర్తులేదు నాయనా. గోడ అవతలికెళ్లి సగం సగం వినిపించేది.”

“గట్లనా,” అన్నాడు అతను. కోడలు టీ తెచ్చింది. తాగి, చెప్పులు వేసుకుని, బస్టాపుకు నడిచాను.